మా దొడ్లో దిగని పిట్టలు

వసంతం రాగానే పిట్టలు తిరిగొస్తాయని మా అమ్మాయి చిన్నప్పుడు పాఠంలో చదివి వినిపిస్తే మా వదిన ఒప్పుకోలేదు. ఆ పుస్తకం రాసినవాళ్ళు మా ఊరి వైపు ఎప్పుడూ వచ్చి ఉండరని తేల్చేసింది. మాకు వసంతమంటే పిట్టలు వెళ్ళిపోయే కాలం. ఉగాది దాటి ఎండలు ముదిరేసరికి చెట్టు ఖాళీ అయిపోతుంది. మళ్ళీ ఆశ్వయుజం చివర్లోనో కార్తీకంలోనో, ఈశాన్యం వానలు పట్టుకున్నాక వస్తాయి. ఈ మధ్యలో ఉన్న ఆరేడు నెలలూ మా వదిన ఎదురుచూసేది. నేను మాత్రం ఆ ఆరేడు నెలలూ హాయిగా ఊపిరి పీల్చుకునేదాన్ని.

మా ఊరు సూళ్లూరుపేటకి దగ్గరే. మాకు వచ్చేవి గూడబాతులు. ముక్కు కింద సంచి వేలాడేసుకుని, ఒళ్ళంతా మాసిన దూది రంగులో, చూడ్డానికి పెద్ద అందగత్తెలేమీ కావు. పగలంతా పులికాట్‌లో చేపలు పట్టుకుని సాయంత్రానికి మా చెట్లమీదికి చేరతాయి. అక్కడే గూళ్ళు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలొచ్చాక తీసుకుని పోతాయి. ఊళ్ళో వాళ్ళు వాటిని పురిటికొచ్చిన ఆడబిడ్డలంటారు. ఊరికే ముద్దుకి అనే మాట కాదు. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పారితే మడికి వేరే ఎరువు అక్కర్లేదని నమ్ముతారు. వాటి కోసం దీపావళికి ఊళ్ళో టపాకాయ పేలనివ్వరు. పిల్లలు మరీ ఏడిస్తే కాకరపువ్వొత్తులతో సరిపెడతారు.

పిట్ట దిగిన ఇంటివాళ్ళకు ఇంకొన్ని పద్ధతులున్నాయి. మొదటి జత వచ్చి వాలిన రోజు ఆ ఇంటి ఆడమనిషి చెట్టు మొదట్లో చెంబెడు నీళ్ళు పోసి, మానుకు పసుపు రాసి బొట్టు పెట్టాలి. పుట్టింటికి పురిటికొచ్చిన పిల్లకు గుమ్మంలో కాళ్ళు కడగడానికి నీళ్ళిస్తాం కదా, అదే లెక్క. ఇక ఆ రోజు నుంచి చివరి పిల్ల ఎగిరేదాకా చెట్టు మీద కత్తి పడకూడదు, కర్ర తగలకూడదు. మాది చింతచెట్టు. సరిగ్గా గూళ్ళనిండా పిల్లలున్నప్పుడే చింతకాయ పండుతుంది. కర్రతో రాల్చడానికి లేదు. దానంతటది రాలిందల్లా రెట్టలో పడుతుంది. దొడ్లో అంత మాను పెట్టుకుని నేను ముప్పై రెండేళ్ళు సూళ్లూరుపేట అంగట్లో చింతపండు కొన్నాను.

నాది సంగం పక్కన ఊరు. బ్యారేజీ నీళ్ళు, వరి, పేడతో అలికి ముగ్గేసిన వాకిళ్ళు, ఇవి చూసి పెరిగాను. పెళ్ళయి ఇక్కడికొచ్చింది కార్తీకంలో. మర్నాడు పొద్దున దొడ్డి తలుపు తీస్తే తెల్లటి రెట్ట, కుళ్ళిన చేపల వాసన. గూళ్ళలోంచి జారిన చేప ఒకటి నా కొత్త చీర మీదే పడింది. మా అత్తగారు పక్కకి తిరిగి నవ్వుకుంటే, మా వదిన మాత్రం ఆ చేపను తీసి, ఇంకా బతికే ఉందని మురిసిపోతూ నీళ్ళ తొట్లో వేసింది. ఆమెను నేను మొదటిసారి సరిగ్గా చూసింది అప్పుడే.

వదినంటే మా ఆయనకు అక్క. నా పెళ్ళికి నాలుగేళ్ళ ముందు ఆమెను ఏడో నెలలో పురిటికి పిలుచుకొచ్చారు. బిడ్డ పుట్టి ఒక్క పూట ఉండి పోయింది. తర్వాత అత్తింటివాళ్ళు తీసుకుపోవడానికి రాలేదు. ఇవాళ వస్తారు, రేపు వస్తారని ఆమె పెట్టె సర్దుకునే కూర్చుందట. మూడో ఏడు, ఆ మనిషి వేరే పెళ్ళి చేసుకున్నాడని తెలిశాక పెట్టెలోంచి చీరలు తీసి దండెం మీద వేసుకుంది. ఇదంతా మా అత్తగారు నాకు బియ్యం చెరుగుతూ చెప్పింది. వదిన తనంత తానుగా ఏనాడూ ఒక్క మాట చెప్పలేదు.

ఆమెకు పనంతా పిట్టలతోనే. గాలివానకి గూట్లోంచి పడిన పిల్లను గంప కింద పెట్టి, చెరువులో చిన్న చేపలు పట్టించి, దాని గొంతులోకి చెయ్యి పెట్టి మరీ తినిపించేది. పెద్ద పిట్టలు గొంతు విప్పవు. పిల్లలే రాత్రింబగళ్ళు గీపెడతాయి. ఆ గోలలో ఏది ఆకలో ఏది భయమో ఆమెకు తెలిసేది. శ్రీహరికోటలో రాకెట్ పోయిన రోజు కిటికీలు అదిరి పిట్టలన్నీ ఒక్కసారి లేస్తే, అవి తిరిగి వాలేదాకా అన్నం ముట్టేది కాదు. నా పిల్లలిద్దర్నీ చంకనేసుకుని పెంచింది కూడా ఆమే. ఉన్నమాట చెప్పాలి, నాకు అదీ కొంచెం కష్టంగానే ఉండేది. ఇల్లంతా ఆమెదే అన్నట్టుండేది. ఏ డబ్బాలో ఏముందో ఆమెకు తెలుసు, నన్నడిగేది కాదు. నా కుంకుమ భరిణెలో కుంకుమే తీసుకుపోయి చెట్టుకు పెట్టేది. అత్తగారు పోయాక పద్ధతి ప్రకారం చెట్టుకు బొట్టు పెట్టాల్సింది ఇంటి కోడల్ని నేను. నన్నెవరూ అడగలేదు. నాకు ఆ పిట్టలంటే పడదు, అయినా అడగలేదని మనసులో పెట్టుకున్నాను. మనిషి బుద్ధి అట్లా ఉంటుంది.

రెండేళ్ళ కిందట మా ఆయనకు ఆయాసం పట్టుకుంది. చలికాలం వస్తే పిల్లికూతలు. సూళ్లూరుపేట డాక్టరు ఇంట్లో పావురాలున్నాయా అని అడిగితే, ఇంకా పెద్దవే ఉన్నాయని చెప్పాను. రెట్ట ఎండి దుమ్మై లేస్తుంది కదా, ఊపిరితిత్తులకు మంచిది కాదన్నాడు. ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను. ఆయన ఆయాసం నిజం, డాక్టరు చెప్పిందీ నిజం. కానీ ఆ మాట విన్నప్పుడు నాకు భయంతో పాటు ఒక సంతోషం కూడా కలిగింది. అది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడు వసంతం సంగతి ఇది. వదినకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. పిట్టల్ని చూపుతో కాక రెక్కల చప్పుడుతో గుర్తుపట్టే స్థితికి వచ్చింది. ఆపరేషన్‌కి రమ్మంటే పిల్లలింకా ఎగరలేదని వాయిదా వేసింది. చివరి పిల్ల పోయాక, ఉగాది అయిన రెండు వారాలకి, మా ఆయన ఆమెను నెల్లూరు తీసుకుపోయాడు. అక్కడ మా చిన్నమామగారి ఇల్లుంది. ఒక కన్ను అయ్యాక రెండోది చేయించుకుని రావాలి, ఇరవై రోజుల పని. బయల్దేరే ముందు ఆయనతో, ఇంటి పైకి వంగిన కొమ్మలు కొట్టిస్తానని చెప్పాను. అక్కకు చెప్పి కొట్టిద్దాం అన్నాడు. కళ్ళ ఆపరేషన్‌కి పోయే మనిషిని ఇప్పుడెందుకు కదిలించడం అన్నాను. ఆయన సంచీ తీసుకుని ఆటో ఎక్కాడు.

మా ఊళ్ళో ఎవరూ ఆ చెట్టు మీద కత్తి పెట్టబోమన్నారు. పిట్టలు పోయాయి కదా, తప్పేముందని వాదించాను. పిట్టలు పోయినా బొట్టు పెట్టే ఆమెను ఒక మాట అడగాలి గదమ్మా అన్నాడొక పెద్దాయన. ఆ మాటకి నాకు మండింది. ఇంటి కోడల్ని నేనుండగా ఇంకెవర్ని అడగాలి? పక్క ఊరి నుంచి రంపం మిషన్ ఉన్నవాణ్ణి పిలిపించాను. వాడు చెట్టు చుట్టూ తిరిగి చూసి, ఒక వైపు కొమ్మలు తీసేస్తే బరువు తేడా వచ్చి గాలివానకు ఇంటి మీదే పడుతుందని, కొడితే మొత్తం కొట్టాలని చెప్పాడు. ఫోన్ చేసి మా ఆయన్ని అడగొచ్చు. ఫోన్ చేతిలోనే ఉంది. కొట్టెయ్యమన్నాను.

సాయంత్రానికి అయిపోయింది. పాతగూళ్ళు పుల్లలు పుల్లలుగా దొడ్డంతా పడ్డాయి. కట్టె ఇటుకల బట్టీకి పోయింది. నేను మూడు రోజులు కూర్చుని దొడ్డంతా గీకి, కడిగి, పేడనీళ్ళు చల్లి, మా పుట్టింటి వాకిలిలా ముగ్గేశాను. అంత పెద్ద ముగ్గు ఆ దొడ్లో అంతకు ముందు ఎవరూ వేసి ఉండరు. చూసుకుని చాలా తృప్తి పడ్డాను.

వదిన నల్లద్దాలు పెట్టుకుని ఆటో దిగింది. మా ఆయన సంచీలు దించుతుండగానే తిన్నగా దొడ్లోకి పోయింది. నేను వంటింట్లోనే నిలబడిపోయాను. ఆమె అద్దాలు తీసి, కళ్ళు చికిలించి, నా వైపు తిరిగి నవ్వింది.

"ఆపరేషన్ బాగానే చేసినారు పిల్లా. దొడ్డి ఎంత వెలుతురుగా ఉండాదో చూడు."

ఆ నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే ఆమె తల పైకెత్తింది. అక్కడ ఏమీ లేదు, ఆకాశం తప్ప. చాలాసేపు అట్లాగే చూసింది. తర్వాత కిందికి చూసి, మొద్దు దగ్గరికి పోయి, కోసిన చోట చేత్తో తడిమింది. కొత్తగా వచ్చిన చూపును నమ్మలేక చెయ్యి పెట్టి చూసుకుంటోందని నాకర్థమైంది. మా ఆయన వెనకే వచ్చి, ఆ మొద్దును చూసి, నన్ను చూసి, సంచీలు అక్కడే పెట్టి బయటికి పోయాడు. నాతో పోట్లాడి ఉంటే బాగుండేది. ఆయన నెలరోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడాడు.

వదిన తిట్టలేదు. ఏడవలేదు. డాక్టరు ఏడవకూడదని చెప్పాడని మా ఆయన తర్వాత చెప్పాడు. ఆ సాయంత్రం ఒక్కటే అడిగింది, పిల్లలన్నీ ఎగిరిపోయినాకనే కొట్టించావు గదా అని. అవునన్నాను. అయితే పాపం లేదులే అంది. నేను అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఎంత తేలికగా నమ్మానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

వినాయక చవితి దాటగానే ఆమెకు కాలు నిలవలేదు. అవి వస్తే ఎక్కడ వాలతాయన్నదే దిగులు. తమ్ముడి చేత నాలుగు వెదురు బొంగులు తెప్పించి, మొద్దు చుట్టూ పాతించి, పైన అడ్డకర్రలు కట్టి ముళ్ళకంప పరిపించింది. మా ఆయన ఆయాసపడుతూనే అంతా చేశాడు. పాత గూళ్ళ పుల్లల్ని ఆమె ఎప్పుడు ఏరి దాచిందో, గోనెసంచి నిండా తెచ్చి ఆ మంచె మీద పరిచింది. ఊళ్ళో కొందరు చూసి జాలిపడ్డారు. నేను నీళ్ళ క్యాన్ కోసం పోతే ఆడవాళ్ళు మాటలాపేసేవాళ్ళు. నేనూ తల తిప్పుకుని పోయేదాన్ని. కానీ ఇంటికొచ్చి, ఎవరూ చూడనప్పుడు, దేవుడి పటం ముందు నిలబడి అవి మా దొడ్లోనే దిగాలని మొక్కుకున్నాను. ముప్పై రెండేళ్ళలో మొదటిసారి ఆ పిట్టలు నాక్కావాలనిపించింది.

దీపావళి వెళ్ళిన నాలుగో రోజు ముసురు పట్టింది. మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చినప్పుడు వదిన ఒక్కసారి మంచం మీంచి లేచింది. నాకేమీ వినపడలేదు. ఆమె అప్పటికే చెంబు, పసుపు తీసుకుని దొడ్లోకి నడుస్తోంది. ఉత్తరం వైపు నుంచి పదీ పదిహేను పిట్టలు బారుగా వచ్చాయి. మా ఇంటి మీదికొచ్చి కిందికి దిగాయి, మళ్ళీ లేచాయి, చుట్టు తిరిగాయి. ఎంత కిందికి దిగాయంటే రెక్కల గాలి నా ముఖానికి తగిలింది. ఒకటి మంచె మీద వాలింది. వెదురు దాని బరువుకి వంగి ఊగింది. రెక్కలు కొట్టుకుంటూ నిలదొక్కుకోవాలని చూసింది. వదిన ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. అది రెండు పుల్లల్ని కింద పడేసి లేచిపోయింది. ఇంకో రెండు చుట్లు తిరిగి అన్నీ చెరువుకట్ట వైపు పోయాయి. కట్ట కింద రేకుల ఇంటి వాళ్ళ దొడ్లో తుమ్మచెట్లున్నాయి. అక్కడ దిగాయి.

వదిన చెంబులో నీళ్ళు మొద్దు మీద పోసింది. పసుపు రాయలేదు.

రేకుల ఇంటి కోడలు చిన్నపిల్ల, పెళ్ళయి ఏడాది, ఇంట్లో అత్త లేదు. సాయంత్రం తడుస్తూ వచ్చింది. వాళ్ళింట్లో పిట్టలు దిగడం ఇదే మొదలు, ఏం చెయ్యాలో తెలియదు, అత్తమ్మా నువ్వే వచ్చి బొట్టు పెట్టమని వదినను బతిమాలింది. వదిన ఆ పిల్లకు ఏమేం చెయ్యాలో, ఏమేం చెయ్యకూడదో గుమ్మంలోనే నిలబెట్టి ఓపిగ్గా చెప్పింది. రావడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఇల్లు గల ఆడమనిషే పెట్టాలమ్మా, ఆ ఇంటికి నువ్వున్నావు గదా అంది. ఆ మాట నాకు వినిపించాలని అనలేదు. అయినా వినిపించింది.

మర్నాడు పొద్దున నేను పొయ్యి దగ్గరుంటే వదిన వంటింటి గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. కాఫీ కలుపుకునేదా అని అడిగింది. ఎగతాళి అనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు, జవాబు కోసం ఆగింది. కలుపుకో, అదేం అడగడం అన్నాను. కలుపుకుంది. తర్వాత స్నానానికి వేడినీళ్ళు తోడుకునేదా అంది. మధ్యాహ్నం ఉప్పు డబ్బా తీసేదా అంది. సాయంత్రం చెరువుకట్ట దాకా పోయొచ్చేదా అంది. ఆ ఇంట్లో పుట్టిన మనిషి. నేనెక్కడో సంగం దగ్గర పలక మీద దిద్దుకుంటున్నప్పుడే ఆ వంటింట్లో అన్నం వండిన మనిషి.

వారం చూశాను. కోపమైతే కోపం, ఎన్నాళ్ళుంటుందిలే అనుకున్నాను. కానీ ఆమె గొంతులో కోపం లేదు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఇంటివాళ్ళను అడిగినట్టు మర్యాదగా అడిగేది. నాకది భరించరానిదైంది. ఒకరోజు చేతిలో గరిటె పడేసి, ఏంది వదినా ఇది, నన్ను సాధించడానికా, ఒక చెట్టు కోసం ఎన్నాళ్ళు చేస్తావు ఇట్టా అని అరిచేశాను.

ఆమె ఎదురు అరవలేదు. గుమ్మానికి ఆనుకుని మెల్లగా చెప్పింది.

"సాధించేదానికి కాదమ్మా. ఇన్నాళ్ళూ పుట్టింట్లో ఉండాననుకున్నా. నీ ఇంట్లో ఉండానని ఇప్పుడు తెలిసింది. తెలిసినాక అడగాల గదా."

 ఇది నీ ఇల్లే వదినా అని తర్వాత చాలాసార్లు అన్నాను. ఏడుస్తూ కూడా అన్నాను. అట్నేలేమ్మా అంటుంది. మా ఆయన అన్నా అట్నే అంటుంది. భరిణె తెచ్చి చేతిలో పెట్టాను, డబ్బాలన్నీ నువ్వే చూసుకోమన్నాను. తల ఊపుతుంది, మళ్ళీ పూటకి గుమ్మంలో నిలబడుతుంది. మా అమ్మాయి వచ్చి రెండు రోజులుండి, అత్త ఎందుకో మనింట్లో చుట్టంలాగా తిరుగుతా ఉందమ్మా అని నన్నే అడిగింది. చెట్టు సంగతి చెప్పాను. మిగతాది చెప్పలేకపోయాను.

మా ఆయన ఆయాసం ఈ చలికాలం తగ్గింది. పూర్తిగా కాదు గానీ, రాత్రుళ్ళు పడుకోగలుగుతున్నాడు. అది కూడా తగ్గకపోయి ఉంటే, చేసిన పనికి ఫలితం లేదని ఒక్కసారే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఆయన నిద్రపోతున్న చప్పుడు వింటూ పడుకుంటాను. అవతలి గదిలో వదిన మేలుకుని ఉందని నాకు తెలుస్తూనే ఉంటుంది. రెండిట్లో ఏది ఎక్కువో తూచడం నాకు చేతకాదు.

ఇప్పుడు మళ్ళీ ఫాల్గుణం. తుమ్మచెట్ల మీద పిల్లలకు రెక్కలొస్తున్నాయట. రోజూ సాయంత్రం వదిన నన్నడిగి, కట్ట మీదికి పోయి దూరం నుంచే చూసి వస్తుంది. ఆ ఇంటి దొడ్లోకి ఇంతవరకూ అడుగుపెట్టలేదట. మళ్ళీ ఏడాది మన దొడ్లోకే వస్తాయేమో అంటాడు మా ఆయన. ఆయన తెచ్చి నాటిన చింతమొక్క మోకాలెత్తు కూడా లేదు. మేక ఒకసారి కొరికి పోయింది. గూడబాతును మోసేంత మాను అయ్యేసరికి మా ముగ్గురిలో ఎవరుంటామో తెలియదు.

పోయిన వారం నాకు జ్వరం వచ్చింది. మూడు రోజులు లేవలేదు. వదినే అన్నీ చేసింది. జావ కాచేముందు వచ్చి అడిగింది, మిరియాలు దంచేముందు వచ్చి అడిగింది. నాకు అవుననడానికి కూడా ఓపిక లేదు, తల ఊపాను. రెండో రోజు మధ్యాహ్నం ఒళ్ళు కాలిపోతుంటే మంచం పక్కన వచ్చి నిలబడింది. నా పిల్లలకు జ్వరాలొస్తే రాత్రంతా నుదుటి మీద చెయ్యి తియ్యకుండా కూర్చున్న మనిషి.

"చెయ్యి పెట్టి చూసేదా?" అంది.

పెట్టు వదినా అన్నాను. పెట్టింది. చల్లగా ఉంది. కళ్ళు మూసుకున్నాను. తీసెయ్యకపోతే బాగుండునని, అట్లాగే నిద్రపోతే బాగుండునని అనుకున్నాను. కాసేపయ్యాక ఆమె నా మీదికి వంగడం తెలిసింది.

"తీసేదా?" అని అడిగింది.